ఒకే బండ దొరకని పోటీ

బండలాగుడు పోటీల్లో నిర్వాహకులు మొదట చూసేది గిత్త బలం కాదు, పళ్లు. రెండు పళ్ల జతకు ఒక విభాగం, నాలుగు పళ్లకు ఒకటి, ఆరు పళ్లకు ఒకటి, ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. గడియారం చూసి సమయం ఇస్తారు, లాగిన దూరాన్ని అడుగుల్లో కొలుస్తారు. ప్రకాశం జిల్లాలో సంక్రాంతికో శివరాత్రికో ఊరి తిరునాళ్లకో జరిగే ఈ పోటీల్లో ఇంత కట్టుదిట్టం ఉన్నా, రచ్చబండ మీద వాదన మాత్రం తెగదు. ముప్ఫయ్యేళ్ల కిందటి ఫలానా వారి జత ముందు ఇప్పటి జతలు ఏ మూలకని ఒక పెద్దాయన అంటాడు. అప్పటి బండ ఎంత బరువు, నేల ఎలాంటిది, ముందు రాత్రి వాన పడిందా అని ఇంకొకాయన అడుగుతాడు. మొదటి ఆయన మాట వినడానికి బాగుంటుంది. తేల్చవలసినది మాత్రం రెండో ఆయన అడిగినదే.

బాస్కెట్‌బాల్ అభిమానులు ప్రపంచమంతా చేసే వాదన కూడా ఇదే. 1960ల నాటి విల్ట్ చాంబర్లేన్, బిల్ రసెల్, 1990ల నాటి మైకేల్ జోర్డాన్, ఈ శతాబ్దపు లెబ్రాన్ జేమ్స్: వీరిలో ఎవరి దేహం గొప్పది? ఎవరు ఎక్కువ ఎత్తు ఎగిరేవారు? ఒక కాలం వీరుణ్ని ఇంకో కాలంలో దింపితే నిలబడతాడా? నెల్లూరులో ఈ వాదనకు తెల్లవారుజామే అదను. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో ఇక్కడి ఫోన్లలోకి ఉదయం ఆరు గంటలకు వస్తుంది. సిమెంటు కోర్టు మీద సాధనకు వచ్చిన కుర్రవాళ్లు లెబ్రాన్ అంటారు. కేబుల్ టీవీ కాలంలో ఆట మొదలుపెట్టి, ఇప్పుడు పొట్ట తగ్గించుకోవడానికి అదే కోర్టు చుట్టూ నడుస్తున్నవాళ్లు జోర్డాన్ అంటారు. చాంబర్లేన్ పేరు ఎవరూ ఎత్తరు, ఆయన ఆట చూసినవాళ్లు అక్కడ లేరు కనుక. చూడనివాడి గురించి మాట్లాడకపోవడం నిజాయితీయే. కానీ దానివల్ల పోటీలో సగం జతలు బరిలోకి దిగకముందే ఇంటికి వెళ్లిపోతున్నాయి.

ముందుగా ఒక ముడి విప్పాలి. గొప్ప ఆటగాడు వేరు, గొప్ప దేహం వేరు. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త ఆటగాళ్ల ఎంపికకు ముందు జరిగే శారీరక పరీక్షల్లో 2021లో కియాన్ జాన్సన్ అనే యువకుడు 48 అంగుళాలు ఎగిరాడు. ఆ పరీక్షల్లో అదే రికార్డు, 2001 నాటి 45.5 అంగుళాలు దానితో చెరిగిపోయాయి. తర్వాత లీగ్‌లో ఆయన మామూలు ఆటగాళ్లలో ఒకడిగానే ఉండిపోయాడు. 2007లో అలాంటి పరీక్షల్లోనే కెవిన్ డ్యురాంట్ బెంచి మీద పడుకుని 185 పౌండ్ల బరువును, అంటే సుమారు 84 కిలోలను, ఒక్కసారి కూడా పైకి నెట్టలేకపోయాడు. ఏడేళ్లు తిరిగేసరికి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. ఇక నికోలా యోకిచ్ ఎగిరితే కాళ్ల కింద దినపత్రిక దూరడం కూడా కష్టమే. ఆ పురస్కారం ఆయనకు మూడుసార్లు వచ్చింది. ఎవరు ఎన్ని ట్రోఫీలు గెలిచారన్న లెక్కను దేహశక్తి లెక్కలో కలిపినంత కాలం వాదన ఎటూ పోదు. ఇక్కడి చర్చ దేహం గురించే: ఎగరడం, పరుగు, బలం, ఓర్పు.

దేహాన్ని మాత్రమే కొలవాలంటే కాలం మారినా బరువు మారని బండ ఒకటి కావాలి. అది బాస్కెట్‌బాల్ కోర్టులో దొరకదు. పక్కనున్న అథ్లెటిక్స్ మైదానంలో దొరుకుతుంది. హైజంప్ కర్ర ఆరున్నర అడుగుల ఎత్తున ఉందంటే 1956లోనూ ఈ రోజూ అది ఆరున్నర అడుగులే. అదృష్టవశాత్తూ పాత తరం దిగ్గజాలు ఇద్దరూ ఆ కర్ర దగ్గరికి వెళ్లినవాళ్లే. బిల్ రసెల్ 1956లో 6 అడుగుల 9 అంగుళాలకు పైగా, అంటే సుమారు 2.06 మీటర్లు దాటి, ఆ ఏడాది ప్రపంచంలోని మేటి హైజంపర్ల సరసన నిలిచాడు. అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులోనూ ఉన్నాడు. చాంబర్లేన్ కాన్సస్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో సుమారు ఆరున్నర అడుగులు దాటి, విశ్వవిద్యాలయాల పోటీల్లో హైజంప్ గెలిచాడు. గుండు విసరడంలో 50 అడుగులు దాటాడు. ఏడడుగుల మనిషి హైజంప్‌లోనూ గుండు విసరడంలోనూ రాణించడం ఏ కాలంలోనైనా అరుదే.

ఈ అంకెలను ఇంకాస్త లోతుగా చూడవచ్చు. మనిషి నిలబడ్డప్పుడు దేహపు గరిమనాభి, అంటే ఒంటి బరువంతా అక్కడే ఉందనుకోదగిన బిందువు, అతని ఎత్తులో సుమారు 56 శాతం దగ్గర, బొడ్డుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. హైజంప్‌లో పైకి లేపవలసింది దాన్నే. రసెల్ ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు, అంటే 208 సెంటీమీటర్లు. నిలబడితేనే ఆయన గరిమనాభి 116 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 206 సెంటీమీటర్ల కర్ర దాటడానికి దాన్ని ఇంకో 90 సెంటీమీటర్లు లేపాలి. చాంబర్లేన్ ఎత్తు 7 అడుగుల అంగుళం, గరిమనాభి 120 దగ్గర. 198 సెంటీమీటర్లు దాటడానికి 78 లేపితే చాలు. ఇది ముతక లెక్క. గాలిలోకి లేచే క్షణంలో చేతులు, ఒక కాలు అప్పటికే పైకి లేచి ఉంటాయి కాబట్టి ఇద్దరి విషయంలోనూ అసలు అంకె ఇంకొంచెం తగ్గుతుంది. అయినా ఇద్దరి మధ్య తేడా మాత్రం నిలుస్తుంది. కథల్లో చాంబర్లేన్‌దే పైచేయి. కర్ర దగ్గర మాత్రం రసెల్‌దే.

కథలంటే గుర్తొచ్చేది బోర్డు మీది నాణెం. బాస్కెట్‌బాల్ బోర్డు పై అంచు నేలకు 13 అడుగుల ఎత్తున ఉంటుంది. దాని మీద పెట్టిన నాణేన్ని చాంబర్లేన్ ఎగిరి తీసేవాడని ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటారు. ఆయన నిలబడి చెయ్యి చాస్తే తొమ్మిదిన్నర అడుగులు అందుతుందనుకుంటే ఇంకా 42 అంగుళాలు ఎగరాలి. మనిషికి అసాధ్యం కాదు, 48 ఎగిరినవాడు ఉన్నాడు. కానీ పై లెక్కలో వచ్చిన 78 సెంటీమీటర్లు 31 అంగుళాలే. హైజంప్‌లో ఎగరడం, బోర్డు కింద ఎగరడం ఒకటి కావు గనుక కథ అబద్ధమని తేల్చలేం. దాన్ని కొలతగా మాత్రం రాసుకోకూడదు.

రసెల్ దాటిన 2.06 మీటర్లను నేటి హైజంప్‌తో పోల్చేవాళ్లు ఒకటి మరచిపోతారు. ఆ రోజుల్లో కర్రకు అవతల పడేది ఇసుకలోనో రంపపు పొట్టులోనో. వీపు కిందికి పెట్టి పడితే మెడ విరుగుతుంది. అందుకని కాళ్ల మీద దిగే పద్ధతుల్లోనే ఎగిరేవాళ్లు. మెత్తటి నురుగు పరుపులు వచ్చాకే డిక్ ఫాస్‌బరీ వెనక్కి వాలి దాటే పద్ధతితో 1968 మెక్సికో ఒలింపిక్స్ గెలిచాడు. ఆ పద్ధతి రాకముందే, బతుకుతెరువు వేరే ఆట అయిన మనిషి, 2.06 దాటాడు. ఆ ఏడాదే చార్లెస్ డ్యూమాస్ తొలిసారి ఏడడుగులు దాటి నెలకొల్పిన ప్రపంచ రికార్డు 2.15. అంటే రసెల్‌కూ ప్రపంచ రికార్డుకూ మధ్య ఉన్నది తొమ్మిది సెంటీమీటర్లు.

ఇప్పుడు ఎదురు ప్రశ్న. అరవై ఏళ్లలో మనిషి దేహం ఎంతో ముందుకు పోలేదా? ఎగరడం వరకైతే అంతగా పోలేదు. హైజంప్ ప్రపంచ రికార్డు 2.45 మీటర్లు, క్యూబా ఆటగాడు హావియర్ సోటోమయోర్ 1993లో నెలకొల్పాడు. ముప్ఫయ్యేళ్లు దాటినా ఎవరూ దాన్ని అందుకోలేదు. లాంగ్‌జంప్ రికార్డు 8.95 మీటర్లు, మైక్ పావెల్ 1991లో దూకింది. దానికి ముందున్నది 1968లో బాబ్ బీమన్ దూకిన 8.90. ఐదు సెంటీమీటర్ల మెరుగుకు 23 ఏళ్లు పట్టింది, ఆ తర్వాత అదీ లేదు. బూట్లు మారాయి, ట్రాకులు మారాయి, తిండి, శిక్షణ, మసాజు, నిద్ర అన్నీ శాస్త్రమయ్యాయి. మనిషి ఎగరగల ఎత్తుకు మాత్రం పై కప్పు ఉన్నట్టే కనిపిస్తోంది. అలాంటప్పుడు నేటి ఆటగాళ్లు వేరే జాతి మనుషులన్నట్టు మాట్లాడటం కుదరదు.

జోర్డాన్ గాలిలో తేలేవాడన్న మాటనూ ఇదే బండకు కట్టి చూడవచ్చు. నేల వదిలిన మనిషి ఎంతసేపు గాలిలో ఉంటాడన్నది ఒక్క సంగతి మీదే ఆధారపడుతుంది: ఎంత ఎత్తు లేచాడు. పేరు ప్రతిష్ఠలతో గురుత్వాకర్షణకు పని లేదు. 60 సెంటీమీటర్లు ఎగిరితే 0.7 సెకను. మీటరు ఎగిరితే 0.9 సెకను. 48 అంగుళాలు ఎగిరిన కియాన్ జాన్సన్‌కైనా సరిగ్గా ఒక సెకను. ఫలానా ఆటగాడు రెండు సెకన్లు గాలిలో ఉండేవాడని ఎవరైనా అంటే, అతను 16 అడుగులు ఎగిరాడని చెబుతున్నట్టు. రింగు ఉండేది పదడుగుల ఎత్తున.

మరి తేలినట్టు ఎందుకు కనిపిస్తుంది? పైకి విసిరిన ఏ వస్తువైనా తాను ఎగిరిన ఎత్తులో పైనున్న నాలుగో వంతులోనే సగం సమయం గడుపుతుంది. మీటరు ఎగిరితే, 0.9 సెకనులో దాదాపు సగం సేపు పైనున్న 25 సెంటీమీటర్లలోనే. మామూలు మనిషి ఎగిరినా ఇదే నిష్పత్తి, కాకపోతే ఎత్తు తక్కువ కాబట్టి కంటికి ఆనదు. జోర్డాన్ ఆ సమయంలోనే బంతిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చేవాడు, కాళ్లు ముడిచేవాడు, అడ్డొచ్చినవాడు కిందికి దిగేదాకా బంతి వదిలేవాడు కాదు. గాలిలో చేసే పనులు పెరిగితే చూసేవాడికి కాలం సాగుతుంది. దాని మీద టీవీ నెమ్మది దృశ్యం ఒకటి. 1988లో ఫ్రీ త్రో గీత దగ్గర లేచి, బంతిని చేత్తోనే రింగులోకి దింపి ఆయన చేసిన డంక్ అందరికీ గుర్తే. జూలియస్ ఎర్వింగ్ దాదాపు అదే పని 1976లో డెన్వర్‌లో చేశాడు. ఆ గీత నుంచి బోర్డు దూరం 15 అడుగులు, రింగు మధ్యకు పద్నాలుగుకు కాస్త తక్కువ, అందులోనూ చాచిన చెయ్యి కొంత కలిసొస్తుంది. 29 అడుగులు దూకేవాళ్లున్న లోకంలో దూరం పెద్దది కాదు. అంత దూరం పోతూ బంతి పట్టుకున్న చెయ్యిని పదడుగుల పైన నిలపడం పెద్దది.

అథ్లెటిక్స్ మైదానం దాటి స్కోరు పుస్తకాల్లోకి వస్తే నేల తడిసిపోతుంది. 1961-62లో చాంబర్లేన్ సగటున మ్యాచ్‌కు 50.4 పాయింట్లు చేశాడు, 25.7 రీబౌండ్లు, అంటే గురి తప్పి వెనక్కి వచ్చిన బంతులు, పట్టాడు. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో న్యూయార్క్ మీద వంద పాయింట్లు చేశాడు. ఈ అంకెలను నేటి అంకెల పక్కన పెట్టి దైవాంశ అనేవాళ్లు ఒక వర్గం, అప్పట్లో ఎదురు నిలిచేవాడు లేడని కొట్టిపారేసేవాళ్లు ఇంకో వర్గం. రెండూ తొందరపాటే. ఆ సీజన్‌లో జట్లు పరుగుల మీద ఆడేవి. మ్యాచ్‌కు ఒక్కో జట్టు బంతిని దక్కించుకున్న సార్లు నేడు వందకు అటూ ఇటూ ఉంటే, అప్పుడు 125 దరిదాపుల్లో ఉన్నాయని అంచనా. వేసిన బంతుల్లో పడేవి 43 శాతం కూడా లేవు. ఎక్కువసార్లు వేసి ఎక్కువసార్లు తప్పితే పట్టడానికి బంతులు ఎక్కువ మిగులుతాయి. జట్టుకు మ్యాచ్‌కు సుమారు 70 రీబౌండ్లు అప్పుడు, 44 వరకు ఇప్పుడు.

ఈ తడిని ఆరబెట్టి చూద్దాం. 70ని 44కు కుదిస్తే చాంబర్లేన్ 25.7 రీబౌండ్లు 16 అవుతాయి. ఆయన ఆ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 48.5 నిమిషాలు ఆడాడు. మ్యాచ్ నిడివే 48 నిమిషాలు, అదనపు సమయాలు కలిసి సగటు దాన్ని మించింది. నేటి ప్రధాన ఆటగాళ్లు ఆడే 36 నిమిషాలకు కుదిస్తే 16 కాస్తా 12 అవుతుంది. పన్నెండు రీబౌండ్లంటే నేటి లీగ్‌లోనూ ముందు వరుసలోవాడే, కానీ దేవుడు కాదు. అయితే ఈ కుదింపులో చాంబర్లేన్‌కు ఒక అన్యాయం జరుగుతుంది. 48 నిమిషాలు ఆడేవాడు శక్తిని దాచుకుంటూ ఆడతాడు, 36 ఆడేవాడు ఉన్నదంతా ఖర్చు పెడతాడు. రోజంతా దున్నే ఎద్దునూ పది నిమిషాలు లాగే గిత్తనూ ఒకే తక్కెడలో తూచినట్టు ఇది. 80 మ్యాచ్‌ల సీజన్‌లో ఆయన కోర్టు బయట కూర్చున్నది మొత్తం ఎనిమిది నిమిషాలు, అదీ రిఫరీ బయటికి పంపిన ఒక మ్యాచ్‌లో. పై లెక్కలన్నీ కొట్టేసినా ఈ ఓర్పు మిగులుతుంది, దీనికి నేటి లీగ్‌లో సాటి లేదు. సాటి రావలసిన అవసరాన్ని కూడా నేటి లీగ్ తీసేసింది.

ఇంకో లోటు రసెల్‌ది. ఎదుటివాడు వేసిన బంతిని గాలిలోనే ఆపడం ఆయన అసలు విద్య. ఆ లెక్క రాయడం ఎన్‌బీఏ 1973-74లో మొదలుపెట్టింది. రసెల్ 1969లోనే ఆట మానేశాడు. 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన మనిషి దేహం చేసిన ప్రధానమైన పని ఏ పట్టికలోనూ లేదు.

ఒంగోలు గిత్త కథ ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాక అక్కడ వాటి పేరు నెలోర్ అయింది. 1960లలో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్లిన గిత్త అక్కడ ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. బ్రెజిల్ రైతులకు కావలసింది మాంసం, అందుకని బరువు పెరిగేవాటినే ఏరి పెంచుకుంటూ వచ్చారు. ఈ మధ్య కోట్ల రూపాయల ధర పలికి వార్తల్లోకి వచ్చిన వియాటినా-19 అనే నెలోర్ ఆవు 1,100 కిలోలకు పైగా తూగింది. ఇక్కడ కావలసింది కాడి కింద బలం, అందుకని లాగేవాటినే ఏరుకున్నారు. విత్తనం ఒకటే, ఆట రెండు, దేహాలు రెండు. ఆ ఆవును తెచ్చి బండ కడితే నాలుగడుగులు వెయ్యదు. ఇక్కడి పోటీ గిత్తను అక్కడి తూకానికి తీసుకెళితే ఎవరూ తిరిగి చూడరు.

బాస్కెట్‌బాల్‌లో ఈ ఏరివేత పని నిబంధనలది. 6 అడుగుల 10 అంగుళాల జార్జ్ మైకన్ రింగు కింద నిలబడితే కదిలించేవాడు లేకపోవడంతో 1951లో రింగు ముందున్న గడి వెడల్పును 6 అడుగుల నుంచి 12కు పెంచారు. చాంబర్లేన్ వచ్చాక అదీ చాలక 1964లో 16 అడుగులు చేశారు. బంతి చేతిలో ఉన్న జట్టువాళ్లెవరూ ఆ గడిలో మూడు సెకన్లకు మించి ఆగకూడదు కాబట్టి, గడి పెరిగిన ప్రతిసారీ నిలబడే దేహం విలువ తగ్గి కదిలే దేహం విలువ పెరిగింది. 1950లో ఒక మ్యాచ్ 19-18తో ముగిసింది, బంతిని పట్టుకుని కూర్చోవడం తప్ప ఆట లేదు. నాలుగేళ్ల తర్వాత 24 సెకన్ల గడువు వచ్చింది, పరుగెత్తలేనివాడికి చోటు పోయింది. 1979-80లో మూడు పాయింట్ల గీత వచ్చింది. తొలి ఏడాది ఒక్కో జట్టు మ్యాచ్‌కు ఆ గీత అవతల నుంచి మూడుసార్లు కూడా వెయ్యలేదు, ఇప్పుడు 35 సార్లకు పైగా వేస్తున్నారు. అందుకని నేటి ఏడడుగుల మనిషి రింగు దగ్గర కాపలా కాస్తూనే, క్షణంలో గీత దాకా ఉరికి, ఆగి, వెనక్కి తిరిగి రావాలి. 2013-14 నుంచి అన్ని స్టేడియాల్లోనూ కెమెరాలు ఆటగాళ్ల కదలికలు కొలుస్తున్నాయి. ఒక్కొక్కరు మ్యాచ్‌లో పరుగెత్తేది నాలుగు కిలోమీటర్ల చుట్టుపక్కలే. దేహాన్ని అలిపించేది ఆ దూరం కాదు, అందులోని ఉరుకులు, హఠాత్తుగా ఆగడాలు.

పాత వీడియోలు చూసి నవ్వేవాళ్లు ముఖ్యంగా నవ్వేది బంతిని నేలకు కొడుతూ నడిపే డ్రిబ్లింగ్‌ను చూసి. 1950ల మేటి ఆటగాడు బాబ్ కూసీ కాలంలో బంతి మీద చెయ్యి పైనే ఉండాలి. అరచెయ్యి కాస్త పక్కకు, కిందికి జారితే రిఫరీ ఈల వేసేవాడు. నేటి కుర్రవాళ్లు అనుకరించే ఒడుపులు చాలావరకు ఆ ఈల మూగబోయాక పుట్టినవే. కూసీ చెయ్యి మొద్దుది కాదు, కట్టేసి ఉంది. దీనికి తోడు అప్పటి దృశ్యాలు దూరాన పెట్టిన ఒక్క కెమెరాతో, మసకగా తీసినవి. దగ్గరి దృశ్యం లేనిదే కంటికి వేగం తెలియదు. రైలు పక్కనే దూసుకుపోతే గుండె అదురుతుంది, అదే రైలు పొలాల అవతల పోతుంటే పాకుతున్నట్టే ఉంటుంది.

వసతుల తేడా గురించి చాలామంది చాలా రాశారు కాబట్టి ఇక్కడ క్లుప్తంగా చాలు. చాంబర్లేన్ తరం తొడుక్కున్నది పలచటి రబ్బరు అడుగున్న కాన్వాస్ బూట్లు. చాలామందికి వేసవిలో వేరే ఉద్యోగాలు ఉండేవి. బరువులెత్తితే కండరాలు బిగుసుకుపోయి బంతి గురి తప్పుతుందని శిక్షకులే భయపెట్టేవారు. జట్లు మామూలు ప్రయాణికులతో కలిసి విమానాల్లో ఇరుక్కుని తిరిగేవి. డెట్రాయిట్ జట్టు 1987లో సొంత విమానం కొనడం అప్పట్లో వింత. సిమెంటు కోర్టు మీద ఆడిన మోకాలికి చెక్క కోర్టు మీద ఆడిన మోకాలికి తేడా ఏమిటో నెల్లూరులో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంతవరకు చెప్పినదంతా శిఖరాల గురించి. కాలాల మధ్య అసలు తేడా శిఖరంలో లేదు, దాని చుట్టూ ఉన్న నేలలో ఉంది. 1961-62లో ఎన్‌బీఏలో జట్లు తొమ్మిది, ఆటగాళ్లు సుమారు వంద మంది. నల్లజాతి ఆటగాళ్లకు లీగ్ తలుపు తెరిచింది 1950లో, అదీ ఓరగా. అమెరికా బయటి నుంచి వచ్చేవాళ్లు లేనట్టే. ఇప్పుడు 30 జట్లు, 450 మందికి పైగా ఆటగాళ్లు, వాళ్లలో వందకు పైగా విదేశీయులు. 2019 నుంచి 2025 దాకా ఉత్తమ ఆటగాడి పురస్కారం పొందినవాళ్లలో అమెరికాలో పుట్టినవాడు ఒక్కడూ లేడు. గ్రీసు, సెర్బియా, కామెరూన్, కెనడా. వల ఇంత వెడల్పయ్యాక పడే చేపల్లో పెద్దవి ఎక్కువే ఉంటాయి. అందులో అన్నిటికన్నా పెద్దది ఒకప్పటి పెద్దదానికన్నా ఎంతో పెద్దది కానక్కర్లేదు.

క్రికెట్ తెలిసినవారికి ఇది బ్రాడ్‌మన్ ఉదంతం. 52 టెస్టుల్లో 99.94 సగటు. ఆ తర్వాత వచ్చిన మహామహులకు 60 దాటడమే గగనం. బ్రాడ్‌మన్ తర్వాత బ్యాటింగ్ చచ్చిపోయిందా? లేదు, బౌలింగ్, ఫీల్డింగ్ బతికాయి. ఎదుటివాడు ఎదిగిన కొద్దీ ఒక్కడు అందరికన్నా అంత ఎత్తున నిలబడటం కష్టమవుతుంది. చాంబర్లేన్ 50.4 పాయింట్ల సగటు ఆయన ఎత్తునూ చెబుతుంది, ఆయన చుట్టూ ఉన్నవాళ్ల ఎత్తునూ చెబుతుంది. ఏది ఎంతన్నది ఆ అంకె ఒక్కటే చూసి విడదీయలేం. అందుకే హైజంప్ కర్ర అవసరమైంది. ఆ కర్ర ప్రకారం రసెల్, చాంబర్లేన్ నేటి లీగ్‌లో కూడా మేటి అథ్లెట్ల వరుసలోనే ఉంటారు. వాళ్లతో ఆడిన మిగతా తొంభై మందిలో ఎంతమంది ఉంటారంటే, సగం మందికి చోటు దొరకదనుకోవడమే సబబు.

వల మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. పంజాబ్‌లోని పల్లెటూరి నుంచి వచ్చిన 7 అడుగుల 2 అంగుళాల సత్నామ్ సింగ్ 2015లో ఎన్‌బీఏ ఎంపికలో పేరు దక్కించుకున్న తొలి భారతీయుడు. ఆ ఎత్తు ఉన్నా లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. ఆటకు పదేళ్ల వయసు నుంచే పదును పెట్టిన దేహాల మధ్య, ఎత్తు ఒక్కటే పనికిరాని కాలానికి ఆయన వచ్చాడు. మైకన్ కాలంలోనైతే ఆ ఎత్తుకు జట్లు కొట్టుకునేవి.

లెబ్రాన్‌ను 1962కు పంపితే ఏమవుతుంది? 6 అడుగుల 9 అంగుళాల ఎత్తు, 110 కిలోలకు పైబడిన బరువు, ఆ వేగం. మొదటి వారం ఎదుటివాళ్లు పక్కకు తప్పుకుంటారు. రెండో వారం నుంచి రిఫరీ ఈల మొదలవుతుంది: చెయ్యి బంతి కిందికి పోయింది, అడుగులు ఎక్కువయ్యాయి. కాన్వాస్ బూట్లలో ఆ బరువును రోజు విడిచి రోజు పైనుంచి నేల మీద పడేస్తుంటే మడమలు, మోకాళ్లు ఎన్నాళ్లు ఆగుతాయి? 2003లో మొదలుపెట్టి, 2023 ఫిబ్రవరిలో కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్ల రికార్డు దాటి, ఇరవై సీజన్ల పైన ఆడుతూ వచ్చిన మనిషి ఆయన. ఆ దీర్ఘాయువు సగం ఆయనది, సగం ఆయన కాలపు వైద్యానిది. కరీమ్ ఆ వైద్యం పూర్తిగా రాకముందే 20 సీజన్లు ఆడాడన్నదీ మరవకూడదు. సన్నటి దేహం, నేలను గట్టిగా తన్నని ఆట ఆయనను కాపాడాయి.

అలా కాపాడే ఆట కాదు ఎల్జిన్ బేలర్‌ది. 6 అడుగుల 5 అంగుళాల మనిషి, గాలిలో దిశ మార్చే విద్యను జోర్డాన్ కన్నా పాతికేళ్ల ముందే చూపినవాడు. 1961-62 సీజన్‌లో ఆయన సైనిక విధుల్లో ఉన్నాడు. వారాంతపు సెలవు దొరికినప్పుడల్లా మామూలు విమానమెక్కి వచ్చి, మ్యాచ్ ఆడి, తిరిగి శిబిరానికి పోయేవాడు. జట్టుతో సాధన లేదు. అలా ఆడిన 48 మ్యాచ్‌ల్లో సగటు 38.3 పాయింట్లు. ఆ ఏడాది ఫైనల్స్‌లో ఒక మ్యాచ్‌లో 61 చేశాడు. 1965లో మోకాలిచిప్ప చిట్లింది. మళ్లీ ఆడాడు, బాగానే ఆడాడు, కానీ పాత ఎగురుడు తిరిగి రాలేదు. 1971లో సీజన్ మొదలైన కొద్ది రోజులకే ఇక చాలని తప్పుకున్నాడు. ఆ మర్నాటి మ్యాచ్ నుంచి ఆయన జట్టు వరుసగా 33 గెలిచి, ఆ ఏడాది టైటిల్ కూడా కొట్టింది. ఉదయం ఆరు గంటల వాదనల్లో ఆయన పేరు ఇంతవరకు వినిపించలేదు.